నలభై నాలుగో నంబరు చెట్టు మీది పిట్ట

నా చిన్నప్పుడు వడ్రంగిపిట్టను చూడటం మా ఇంట్లో ఒక పని. నీళ్ళు తేవడం, పేడ ఎత్తడం, బర్రెకు గడ్డి వేయడం ఎలాంటివో అదీ అలాంటిదే. సరదాకు ఎవరూ చూసేవాళ్ళు కాదు. నాకు ఏడో ఏడు నడుస్తున్నప్పుడు ఆ పని నా మీద పడింది. ఇప్పుడు డెబ్బయ్యో ఏడు నడుస్తోంది. ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. అప్పుడు వట్టి కళ్ళతో చూసేదాన్ని, ఇప్పుడు కెమెరాతో చూస్తున్నాను.

ముప్పై మూడేళ్ళు సర్కారు బళ్ళలో లెక్కలు చెప్పి 2012లో రిటైరయ్యాను. చివరి పదకొండేళ్ళు కల్వకుర్తిలో పనిచేశాను కాబట్టి అక్కడే ఉండిపోయాను. కెమెరా కొన్నది 2015లో. అప్పటికి తెలంగాణ వచ్చి ఏడాది దాటింది, కల్వకుర్తి ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. మరుసటి ఏడు దసరాకు కొత్త జిల్లాలు వచ్చాయి. ఆ రోజు నుంచి నా నోటుబుక్కులో పేజీ పైన జిల్లా పేరు మార్చి రాస్తున్నాను. వెనకటి పేజీలు దిద్దలేదు. ఏ రోజుకు ఏది నిజమో అదే ఉండాలి.

నేను వడ్రంగిపిట్టలను తప్ప వేరే పిట్టలను ఫోటో తీయను. నెమలికీ కొంగకూ చాలామంది ఉన్నారు. వడ్రంగిపిట్ట ఫోటోకు నిలబడదు. చెట్టు మొద్దు మీద వాలగానే అవతలి పక్కకు జారుకుంటుంది. మనం అవతలికి వెళ్తే అది ఇవతలికి వస్తుంది. అందుకని నేను దాని వెంట తిరగను. ఏ చెట్టు మొదట్లో కొత్తగా రాలిన చెక్కపొట్టు కనబడుతుందో ఆ చెట్టుకు ఎదురుగా, పొద్దు నా వీపు వెనక ఉండేలా, చిన్న స్టూలు వేసుకుని కూర్చుంటాను. అదే తిరిగి ఇటు వస్తుంది. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి రెండు గంటలు.

వచ్చినప్పుడు మొదటి ఫోటో మెడ వెనక భాగానికి. రెండోది తలకు. మూడోది గొంతుకు. ఈ మూడూ అయ్యాకే అందమైన ఫోటో సంగతి ఆలోచిస్తాను. అప్పటికి చాలాసార్లు పిట్ట ఎగిరిపోయి ఉంటుంది. గోడకు తగిలించదగ్గ ఫోటోలు నా దగ్గర తక్కువ.

మెడకు అంత పట్టింపు ఎందుకంటే, మా వైపు బంగారు రంగు వీపున్న వడ్రంగిపిట్టలు రెండు రకాలు ఉన్నాయి. ఒకదానికి మెడ వెనక నలుపు, ఇంకొకదానికి తెలుపు. ఎగిరేటప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి. రెండింటిలోనూ మగదానికి తల నిండా ఎరుపే. నల్లమెడ ఆడదానికి నుదురు నల్లగా, తెల్లచుక్కలతో ఉండి వెనక మాత్రం ఎర్రజుట్టు ఉంటుంది. తెల్లమెడ ఆడదానికి తల పసుపు. అందువల్ల ఎర్రతల చూశానంటే ఏమీ చూడనట్టే. మెడ చూడాలి. పోయిన నెలాఖరుకు నా దగ్గర వడ్రంగిపిట్టల ఫోటోలు 1,316. పేరు రాసినవి 1,102. పేరు రాయకుండా ఖాళీ వదిలినవి 214. ఈ 214 చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు.

మా పక్కింటి కోడలు బ్యాంకులో పనిచేస్తుంది. నన్ను అత్తమ్మా అని పిలుస్తుంది. ఆమెకూ ఈ పిచ్చి నేనే అంటించాను. వీలైన ఆదివారాలు ఆమె కారులో ఇద్దరం మన్ననూరు వైపు అడవి అంచుకు వెళ్తాం. పోయినేడు ఫిబ్రవరిలో అలా వెళ్ళినప్పుడు ఒక ఎండిన చెట్టు మీదినుంచి ఎగిరిపోతున్న పిట్టను ఆమె పట్టింది. ఫోటో బాగా వచ్చింది. విప్పిన రెక్క మీద బంగారు రంగు, ఎర్రటి తల, వెనక లేత ఎండ. మెడ దగ్గర మాత్రం కొమ్మ అడ్డం వచ్చింది. అప్పటిదాకా ఆమెకు తెల్లమెడ పిట్ట ఒక్కటీ దొరకలేదు.

“తెల్లమెడదే అత్తమ్మా. గీ అడవిల గదే తిరుగుతది,” అంది.

“మెడ కనబడ్డదా?” అన్నాను.

“కొమ్మ అడ్డమున్నది గదా. కాని గదే.”

“కనబడనిదానికి పేరెట్ల పెడ్తవ్?”

“అందరు ఫోటోలు పెడ్తరు, ఎవరన్న మెడ అడుగుతరా? మీరొక్కరే ఆధార్ కార్డు అడిగినట్టు అడుగుతరు.”

నవ్వుతూనే అంది కానీ మనసు కష్టపెట్టుకుంది. డిండి దాటాం. రోడ్డు పక్కన చాయ్ తాగడానికి ఆగాం. గ్లాసు చేతిలో పట్టుకుని, ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. “పిట్ట పేరు తప్పయితే ఎవరన్న సస్తరా అత్తమ్మా?”

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. అంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి అక్కడే, ఆ బల్ల మీద కూర్చుని చెప్పాను. విన్నాక రాసి పెట్టమని ఆమే అంది. అందుకే రాస్తున్నాను.

మాది పానగల్ దాటి నాలుగు మైళ్ళు లోపలికి ఉన్న ఊరు. కల్లుగీత ఇల్లు. మా తాతకు మోకాళ్ళు పట్టేసి చెట్లెక్కడం మానేశాక బాపు, అంటే మా నాన్న, ఎక్కేవాడు. నేను చెప్పే సంగతి 1964 జనవరిలో జరిగింది. అప్పటికి నాకు తొమ్మిదిన్నరేళ్ళు. ఆ ఏడు బాపుకు పదిహేను తాటిచెట్లు వచ్చాయి. పది పాతవి, ఐదు కొత్తవి. ఆ ఐదూ వాగు ఒడ్డున వరసగా ఉండేవి. ఏళ్ళ తరబడి వాటిని ఎవరూ గీయలేదు. ఆబ్కారీవాళ్ళు చెట్లకు తారుతో నంబర్లు వేసేవాళ్ళు. వీటి నంబర్లు నలభై ఒకటి నుంచి నలభై ఐదు.

ఏటా గీసే చెట్టుకు ఎండుమట్టలు ఎప్పటికప్పుడు కొట్టేస్తారు కాబట్టి మట్టల కింద చెట్టు మెడ శుభ్రంగా ఉంటుంది, కింద నుంచే దాని మంచిచెడ్డలు తెలుస్తాయి. గీయని చెట్టు అలా కాదు. ఎండిన మట్టలు కిందికి వాలి మెడ చుట్టూ పెద్ద గుబురు కడతాయి. ఆ గుబురు కింద వడ్రంగిపిట్ట తొర్ర చేసుకుంటే నేల మీద నిలబడ్డ మనిషికి కనబడదు. మొదట్లో కత్తి పిడితో తట్టి చూస్తే మొదలు గట్టిదో కాదో తెలుస్తుంది, అరవై అడుగుల పైన ఉన్న మెడ సంగతి తెలియదు. మొదటిసారి ఎక్కే మనిషి తన నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకున్న మోకు మీద బరువంతా వేసి, వెనక్కి వాలి ఆ మట్టలను కొడతాడు. మెడ గుల్లదైతే ఆ సంగతి అప్పుడే బయటపడుతుంది.

అందుకని మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. కొత్త చెట్టు ఎక్కేముందు మూడు పొద్దులు, మూడు సాయంత్రాలు కింద కూర్చుని పిట్టను చూడాలి. వడ్రంగిపిట్ట పొద్దు పొడవగానే తొర్రలోంచి బయటికి వస్తుంది, పొద్దు గూకేవేళ మళ్ళీ అందులోకే పోతుంది. ఏ గుబురులోంచి వచ్చిందో ఆ చెట్టుకు సున్నం బొట్టు పెట్టాలి. బొట్టు పడ్డ చెట్టును ఆ ఏడు ఎక్కరు. పెద్దవాళ్ళకు అంతసేపు కూర్చునే తీరిక లేదు. కళ్ళు బాగున్నదాన్ని, పైగా కదలకుండా కూర్చోగలదాన్ని అని తాత నన్ను పెట్టాడు.

చూడటం అంటే ఏమిటో కూడా తాతే నేర్పాడు. పిట్ట తిండి కోసం పది చెట్ల మీద వాలుతుంది, దాని ఇల్లు మాత్రం ఒకటే. రెండు చెట్ల దగ్గర పిట్ట కనబడితే అది ఒకటేనా, వేరువేరా అన్నది తేల్చుకోవాలి. ఒకటే అయితే ఒక చెట్టుకే బొట్టు. వేరైతే రెండింటికీ పెట్టాలి. తేల్చుకోవడానికి మొదట మెడ వెనక చూడు, తర్వాత తల చూడు అనేవాడు. పుస్తకం చూసి ఎరగడు. నేను యాభై ఏళ్ళ తర్వాత కొన్న పిట్టల పుస్తకంలో అదే వరసలో ఉంది.

ఆ ఏడు మొదటి పొద్దునే నలభై రెండో చెట్టు గుబురులోంచి ఒక పిట్ట వచ్చింది. ఎండ సూటిగా పడుతోంది. మెడ వెనక నలుపు, తల నిండా ఎరుపు. బాగా చూశాను. నలభై రెండుకు సున్నం బొట్టు పెట్టాను. మిగతా నాలుగు చెట్ల దగ్గర ఆ పొద్దూ, ఆ తర్వాతా ఏమీ కనబడలేదు. మూడో సాయంత్రం వచ్చింది. మా ఈడు పిల్లలు వాగు అవతల గచ్చకాయలు ఆడుతున్నారు. వాళ్ళ కేకలు వినబడుతున్నాయి. ఇంకొంచెంసేపట్లో చీకటి పడుతుంది. పడితే ఆట లేదు.

అప్పుడు పడమటి నుంచి ఒక పిట్ట ఎగిరి వచ్చి నలభై నాలుగో చెట్టు వెనక వాలింది. ఎర్రటి ఆకాశం ముందు అది నల్లటి నీడలా ఉంది. రెక్క ముడిచేటప్పుడు ఒక్కసారి బంగారు రంగు మెరిసింది. అంతే. మళ్ళీ ఇవతలికి రాలేదు. ఎగిరి పోవడమూ చూడలేదు. కూర్చుని ఉంటే ఏదో ఒకటి తేలేది. నేను కూర్చోలేదు. ఇది నలభై రెండులోని పిట్టే, ఇంటికి పోతూ ఇక్కడ వాలింది అనుకుని లేచి, గౌను దులుపుకుని ఆటకు పోయాను.

ఆ రోజు అన్నం తినేటప్పుడు తాత అడిగాడు. “నలభై నాలుగు కాడ ఏమన్న కనబడ్డదా బిడ్డా?”

“కనబడ్డది తాత. గదే పిట్ట. నలభై రెండుల ఉండేదే.”

“మెడ ఎనక సూసినవా?”

“సూసిన. నల్లగుండె.”

నేను అబద్ధం ఆడుతున్నానని నాకు అనిపించలేదు. ఈ మాట చాలా ఏళ్ళు ఆలోచించి రాస్తున్నాను. మొదటి రోజు పొద్దున చూసిన నలుపు నా కళ్ళలో ఉంది. దాన్నే తెచ్చి మూడో రోజు సాయంత్రపు నీడకు అంటించాను. చెప్పేటప్పుడు ఆ నల్లమెడ నాకు నిజంగానే కనబడింది. తాత నా ముఖం వైపు కొంచెంసేపు చూసి, “సరే” అని చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లవారి మొదటిసారి ఎక్కే రోజు. అవ్వ, తాత, బాపు, నేను వాగు ఒడ్డుకు పోయాం. చెట్ల మొదట్లో పసుపు కుంకుమ పెట్టి, గీతవాళ్ళ దేవుడు కాటమయ్యకు మొక్కి కొబ్బరికాయ కొట్టారు. బాపు ముందుగా నలభై ఒకటి ఎక్కి మట్టలు కొట్టి దిగాడు. తర్వాత నలభై మూడు. నలభై నాలుగుకు వచ్చి మోకు వేసుకుని, కాళ్ళకు బంధం తాడు తగిలించుకుని, ఒక మనిషి ఎత్తు ఎక్కాడు.

అప్పుడు తాత, “జర ఆగు” అన్నాడు. బాపు ఆగాడు. తాత నన్ను పిలిచి నా కుడిచెయ్యి పట్టుకుని చెట్టుకు ఆనించాడు. తన చెయ్యి తీసేశాడు.

“చెట్టు మీద చెయ్యి పెట్టి చెప్పు బిడ్డా. మెడ నల్లగుండెనా?”

పై నుంచి బాపు నవ్వాడు. “పొల్లను ఎందుకు సతాయిస్తవ్ నాయిన? రాత్రి చెప్పింది గదా. పొద్దెక్కుతాంది.”

“నిన్ను అడుగుతలే. దాన్ని అడుగుతున్న.”

తాటిచెట్టు బెరడు గరుకు. చలికి ఇంకా చల్లగా ఉంది. బాపు బరువు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు. ఆ కదలిక చెట్టులోంచి నా అరచేతికి తెలిసింది. మోకు బిగిసినప్పుడు కూడా తెలిసింది. బాపు అంత బరువు ఉంటాడని అప్పటిదాకా నేను ఎప్పుడూ ఆలోచించలేదు. తలెత్తితే ఆయన మడమలు కనబడ్డాయి, పగుళ్ళలో మన్ను. నల్లమెడను గుర్తుకు తెచ్చుకోవాలని చూశాను. రాత్రి అంత బాగా కనబడింది, ఇప్పుడు రాలేదు. ఎర్రటి ఆకాశమూ నీడా, గచ్చకాయల పిల్లల కేకలూ మాత్రం గుర్తొచ్చాయి.

“సూడలే తాత,” అన్నాను.

బాపు మెల్లగా దిగాడు. నన్ను కొడతాడనుకున్నాను. ఆయన బంధం విప్పుకుని, మోకు చుట్ట చుట్టి భుజాన వేసుకుని, నలభై అయిదో చెట్టు వైపు నడిచాడు. అవ్వ చెంగుతో ముఖం తుడుచుకుంది. తాత సున్నం కాయలోంచి వేలితో సున్నం తీసి నలభై నాలుగుకు బొట్టు పెట్టాడు.

“దీన్ని సూసినంక చెప్పు,” అన్నాడు నాతో. అంతే. తిట్టలేదు.

మరుసటి రోజు నుంచి నేను మళ్ళీ కూర్చున్నాను. పొద్దున బడికి పోయేముందు, సాయంత్రం బడి నుంచి వచ్చాక. మూడు పొద్దులు, మూడు సాయంత్రాలు నలభై నాలుగు దగ్గర ఏ పిట్టా కనబడలేదు. ఏమీ లేదని చెప్పేస్తే అయిపోతుందని రెండుసార్లు అనిపించింది. చెప్పలేదు. చెట్టు మీద చెయ్యి పెట్టమంటాడని భయం. ఆ భయం పోయి చూడాలనే పట్టు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

నాలుగో పొద్దున తాత కూడా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మంచు తేలిపోతోంది. నలభై నాలుగో చెట్టు గుబురులో ఎండుమట్టలు కదిలాయి. పిట్ట తల బయటపెట్టింది. అది బయటికి వచ్చి మొద్దు మీద మా వైపే వీపు పెట్టి రెండు అడుగులు పైకి పాకింది. ఎండ పడింది. తల పసుపు. మెడ వెనక నుంచి వీపు మీదికి తెలుపు, పలక మీద సుద్దముక్క అడ్డంగా పెట్టి గీసినంత తెలుపు.

“తెల్లగున్నది తాత. తల పసుపు పచ్చ. ఇది వేరే పిట్ట.”

“సూసినవా?”

“సూసిన.”

ఈసారి చెయ్యి పెట్టమనలేదు. ఆ చెట్టు వైపే చూశాడు. తర్వాత, పొలం సంగతి చెబుతున్నట్టుగానే చెప్పాడు. “మీ పెద్దనాయిన కూడ గిట్లనే అడిగిండు. పిట్టున్నదా నాయినా అని. లేదు, ఎక్కు అన్న. నేను సూడలే. సూసినట్టే అనిపించింది. వాడు నా మాట మీద ఎక్కిండు బిడ్డా, చెట్టు మీద గాదు.”

మా పెద్దనాయిన, అంటే బాపు అన్న, నేను పుట్టడానికి ఆరేళ్ళ ముందు చెట్టు మీదినుంచి పడి చనిపోయాడని నాకు తెలుసు. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిది. మెడ దగ్గర చెట్టు విరిగిందని అవ్వ చెప్పేది. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. అప్పటికి మా ఇంట్లో ఎవరికీ ఫోటో లేదు. పెద్దనాయిన ఎలా ఉండేవాడో తెలుసుకోవాలంటే నాకు ఈ రోజుకూ దారి లేదు. తాత ఆ మూడు నాలుగు మాటలు చెప్పి, నా భుజం మీద చెయ్యి వేసి లేచాడు. ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిదేళ్ళలో ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. కట్టడి ఎప్పుడు పుట్టిందో, ఎవరు పెట్టారో ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

మా అవ్వ మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. “నా కొడుకు పానం నా మనుమరాలు కాపాడింది. గా దినం పిల్ల నోరు తెరవకపోతే ఏమయ్యేదో.” చుట్టాలు నా తల నిమిరేవాళ్ళు. నాకు ఆ మాట నచ్చేది కాదు, పెద్దయ్యాక మరీ నచ్చలేదు. నలభై నాలుగో చెట్టును ఆ ఏడు ఎవరూ ఎక్కలేదు. మరుసటి ఏడు కూడా పిట్ట అందులోనే ఉంది, ఎవరూ ఎక్కలేదు. తర్వాత ఆ చెట్టు మా వంతుకు రాలేదు. 1971 ఎండాకాలంలో గాలివానకు వాగు ఒడ్డు కోసుకుపోయి వేళ్ళతో సహా పడిపోయి, నీళ్ళలో కొట్టుకుపోయిందని విన్నాను. దాని మెడ గుల్లదో గట్టిదో చూసిన మనిషి లేడు. బాపు ఎక్కి ఉంటే అది విరిగేదా, విరిగేది కాదా నాకు తెలియదు. నేను ఆయన ప్రాణం కాపాడానని అందుకే రాయను. నేను చూడనిదాన్ని చూశానన్నాను, ఆయన పైదాకా ఎక్కకముందే చూడలేదని ఒప్పుకున్నాను. ఈ రెండే నాకు తెలుసు.

తెలిసినది ఇంకొకటి ఉంది, దాన్ని లెక్క కట్టగలను. బాపు ఆ ఏడు మొదలుకుని 1985 దాకా చెట్లెక్కాడు. ఇరవై రెండు కాలాలు. కొన్నేళ్ళు పద్నాలుగు చెట్లు, కొన్నేళ్ళు పదహారు, సగటు పదిహేను అనుకుందాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఏటా నూటయాభై రోజులు. పదిహేను రెళ్ళు ముప్పై, ముప్పై నూటయాభైలు నాలుగువేల ఐదువందలు, దాన్ని ఇరవై రెండుతో గుణిస్తే తొంభై తొమ్మిది వేలు. కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. అటూ ఇటూ లేనిది ఒక్కటే. ఎక్కినవి ఎన్నో, దిగినవీ అన్నే. ఆయన 1998లో, మంచం మీద, మా చెల్లె చేతి గంజి తాగి, నిద్రలో పోయాడు.

ఆ ఇరవై రెండు కాలాల్లోనూ కొత్త చెట్టు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కింద కూర్చుని చూశారు. నేను చదువుకు నల్లగొండ హాస్టలుకు పోయేదాకా నేను, తర్వాత చెల్లె. చూడని రోజు చూడలేదనే చెప్పాం. దానివల్ల ఆ ఏడు ఒక చెట్టు తగ్గితే తగ్గింది. బాపు ఒక్కసారి కూడా గొణగలేదు.

పెద్దనాయినకు అలాంటి లెక్క కట్టలేను. ఆయన ఏ ఏడు ఎక్కడం మొదలుపెట్టాడో, ఎన్ని చెట్లు ఉండేవో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మొత్తం ఎంతో తెలియదు. తేడా మాత్రం తెలుసు. ఎక్కినవాటికంటే దిగినవి ఒకటి తక్కువ.

సాయంత్రం ఇంటికి వచ్చి కెమెరాలో ఫోటోలు పెద్దవి చేసి చూసుకుంటాను. తారీఖు రాస్తాను, చోటు రాస్తాను, చెట్టు రాస్తాను. పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. అది ఆ పిట్టే అయి ఉంటుందని మనసు గట్టిగా చెబుతూనే ఉంటుంది, తొమ్మిదిన్నరేళ్ళ వయసులో చెప్పినంత గట్టిగా. నేను మాత్రం ఆ ఒకటి తక్కువైన లెక్కనే చూసుకుంటాను. చూసుకున్నాక రాయగలిగితే రాస్తాను, లేకపోతే పెన్ను మూత పెట్టి పుస్తకం మూసేస్తాను.